వెట్టినుండి వ్యక్తి: మాడపాటి హనుమంతరావు పంతులుగారు

మాడపాటి హనుమంతరావు పంతులుగారు 1885లో కృష్ణాజిల్లా ఎఱ్ఱుపాలెమున జన్మించిరి. బాల్యము సూర్యాపేటలో గడచెను. నిడమనూరు మొదలగు నల్లగొండ పల్లెలలో నాడు చాకలి, కుమ్మరి యను కులమే లెక్క. మనిషి లెక్కకు రాడు. చాకిరి గలదు, కూలి లేదు. వర్తకుడును అధికారి యడిగిన వెలకే సరకు నీయవలెను. 1921లో హైదరాబాదున వెలసిన ఆంధ్రజనసంఘమునకు పంతులుగారు ప్రాణమైరి. వెట్టిచాకిరి, వర్తకస్వాతంత్ర్యములను గూర్చి సంఘము లఘుపుస్తకములు ప్రకటించెను. కూలి నీయక పని గొనరాదను సర్కారు ఉత్తరువులనే ప్రజల కెఱుకపఱచెను. తన శ్రమకు తానే యజమానుడని యెఱిగినవాడే ఆర్థికజీవనమున వ్యక్తి. ఉత్తరువులచే వెట్టి తొలగలేదు. 1946లో పల్లెలు నెత్తురోడ్చవలసివచ్చెను. అయినను హక్కు నెఱుగుటయే తొలిమెట్టు. 1970లో దివంగతులైన పంతులుగారు వేసిన మెట్టదియే.