అలెస్సాండ్రో వోల్టా

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములందు కె.సి. కాలువ క్రింద వరి పండించు రైతు రాత్రివేళ మడికి నీరు కట్టబోవునపుడు చేత టార్చిలైటు పట్టుకొని పోవును. మీట నొక్కగనే వెలుగు వచ్చును. దానికి విద్యుత్ స్తంభముతో గాని, తీగెలతో గాని సంబంధము లేదు. లోపలనున్న రెండు చిన్న సెల్లులే దానికాధారము. ఇట్లు విద్యుత్తును ఎడతెగక ప్రవహింపజేయు విధమును లోకమునకు మొదట చూపినవాడు అలెస్సాండ్రో వోల్టా.

వోల్టా 1745వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన ఇటలీ దేశమునందలి కోమో పట్టణమున జన్మించెను. నాలుగేండ్లు వచ్చువరకు అతనికి మాటలు రాలేదట. బిడ్డ మందబుద్ధి యగునేమో యని ఇంటివారు దిగులుపడిరి. తండ్రి చిన్ననాడే గతించెను. పెద్దలు అతనిని న్యాయవాదిని చేయదలచిరి గాని, బాలుని మనస్సు ప్రకృతిలోని వింతలపైననే యుండెను. 1774లో స్వగ్రామమున ఉపాధ్యాయుడై, పిమ్మట పావియా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడై పెక్కేండ్లు పనిచేసెను.

ఆ కాలమున విద్యుత్తును పుట్టించుటకు రాపిడి యొక్కటే మార్గము. గాజును పట్టుతో రుద్దిన నిప్పురవ్వ యెగయును, మరుక్షణమున మాయమగును. ఇట్లుండగా 1791లో బొలోనా నగరమునందలి శరీరశాస్త్రజ్ఞుడు లూయిగీ గాల్వాని ఒక వింతను ప్రకటించెను. చచ్చిన కప్పకాలికి రెండు లోహములను తగిలించి, వానిని ఒకదానితో నొకటి కలిపినచో, ఆ కాలు బ్రతికియున్నట్లు ఎగిరిపడును. ప్రాణుల దేహముననే విద్యుత్తు కలదనియు, దాని వలననే కాలు కదలుచున్నదనియు గాల్వాని తలచెను.

వోల్టా మొదట ఈ మాటను నమ్మెను. తానును అట్లే చేసి చూడగా సందేహము కలిగెను. ఒకే లోహమును వాడినపుడు కప్పకాలు సరిగా కదలదు. రెండు వేర్వేరు లోహములను వాడినపుడు గట్టిగా కొట్టుకొనును. ఏల? అతడు తన నాలుకనే పరీక్షకు పెట్టెను. రెండు లోహపు ముక్కలను నాలుకకు ఆనించి, వాని కొసలను కలిపినంతనే పుల్లని రుచి తోచెను. కావున విద్యుత్తు లోహముల వలన పుట్టుచున్నదనియు, కప్పకాలు దాని ఉనికిని తెలుపు సాధనము మాత్రమే యనియు అతడు వాదించెను. పండితులు రెండు పక్షములైరి. వాదము తెగకమునుపే, 1798లో, కొత్త ప్రభుత్వమునకు విధేయతా ప్రమాణము చేయనొల్లక గాల్వాని కొలువు పోగొట్టుకొని, ఆ యేడే మరణించెను. ఇంటి కప్పుపై వేయు జింకుపూత రేకును గాల్వనైజు చేసిన రేకనుట ఆయన పేరును బట్టియే.

కప్ప లేకయే విద్యుత్తును పుట్టించి చూపిన తన మాట నెగ్గునని వోల్టా ఎరుగును. వెండి బిళ్ళ, దానిపై జింకు బిళ్ళ, ఆపై ఉప్పునీట తడిపిన అట్టముక్క, మరల వెండి, జింకు, అట్ట—ఇట్లు వరుసగా పేర్చి ఒక దొంతిని కట్టెను. తడిచేతులతో దాని రెండు కొనలను తాకినవారికి ఝల్లుమనెను. రాపిడి రవ్వవలె అది క్షణములో ఆరిపోలేదు. మరల మరల తాకినను శక్తి నిచ్చుచునే యుండెను. 1800వ సంవత్సరము మార్చి 20వ తేదీన వోల్టా ఈ సంగతిని లండనులోని రాయల్ సొసైటీకి లేఖగా వ్రాసెను. ఆ యేడే ఇంగ్లండులో ఇట్టి దొంతితో నీటిని ఉదజనిగను, ఆమ్లజనిగను విడదీసిరి. మరుసటి యేడు నెపోలియను అతనిని పారిసుకు రప్పించి, ప్రయోగములను కన్నులార చూచి, బంగారు పతకము నొసగెను.

అయినను వోల్టా ఒక విషయమున పొరబడెను. లోహములు ఒకదాని నొకటి తాకుటయే విద్యుత్తునకు కారణమనియు, ఉప్పునీరు వట్టి దారి మాత్రమే యనియు అతని నమ్మకము. అదియే నిజమైనచో దొంతి ఎన్నటికిని అలయరాదు. కాని అది కొంతసేపటికి నీరసించును, జింకు అరిగిపోవును. కళాయి లేని ఇత్తడి గిన్నెలో మజ్జిగ పోసియుంచిన కిలుము పట్టుట మన ఇండ్లలో ఎరిగినదే. పులుపు లోహమును తినును. దొంతిలోను జరుగునది అట్టి రసాయనచర్యయే. జింకు కరగుచు ఎలక్ట్రానులను విడుచును. అవి తీగె వెంట రెండవ లోహమును చేరును. అచట నీటినుండి వచ్చు ఉదజని వానిని గ్రహించును. ఈ సంగతిని ఫారడే మొదలగువారు తరువాత స్థిరపరచిరి. ప్రాణుల నరములందును కండరములందును విద్యుత్తు కలదనియు పిమ్మట తేలెను గనుక, గాల్వాని మాటయు పూర్తిగా వమ్ము కాలేదు.

దొంతిలో మరియొక లోపము కలదు. ఉదజని బుడగలు లోహమును కప్పివేయగా ప్రవాహము తగ్గును. 1836లో డేనియల్ అను ఆంగ్లేయుడు రాగిని మైలతుత్తపు నీటిలో నుంచెను. అపుడు బుడగలకు బదులు రాగియే రాగిపై పేరుకొనును. ప్రవాహము నిలకడగా సాగును. తంతివార్తలకు ఇది మిగుల ఉపకరించెను. 1846లో ఆళ్ళగడ్డకు చేరువనున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంపిణీపై తిరుగబడిన నాడు, ఆ వార్త గుఱ్ఱముల మీదను, కాలినడకను పోవలసివచ్చెను. మన దేశమున తంతి ప్రజలకు అందినది 1855లో. 1859లో ఫ్రాన్సు దేశీయుడు ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లమున ముంచి వేరొక ఘటము చేసెను. దానిలోనికి విద్యుత్తును ఎదురు పంపిన చర్య వెనుకకు మరలి, ఘటము తిరిగి శక్తి పుంజుకొనును. నంద్యాల బస్సులందును ట్రాక్టర్లందును ఉండు బ్యాటరీ ఈ జాతిదే. 1866లో లెక్లాంషే జింకు, బొగ్గు, మాంగనీసు డయాక్సైడు, నవాసారములతో ఘటము చేసెను. దానిలోని ద్రవమును తరువాతివారు ముద్దగా మార్చగా నిర్జల ఘటమాయెను. టార్చిలో నుండు సాధారణపు సెల్లు ఇదియే. దాని డబ్బాయే జింకు. అది కరగి చిల్లిపడుట వలననే మరచిన పాత సెల్లులు కారును.

వోల్టా 1819లో కొలువు విడిచి కోమో చేరి, 1827 మార్చి 5వ తేదీన కన్నుమూసెను. 1881లో శాస్త్రజ్ఞులు విద్యుత్పీడనమునకు వోల్టు అను కొలతను అతని పేర స్థిరపరచిరి. టార్చి సెల్లుపై 1.5 అని అచ్చువేసియుండుట ఆ కొలతయే. దొంతి పుట్టి నూరేండ్లయిన సందర్భమున 1899లో కోమోలో ప్రదర్శన జరుపగా, అగ్నిప్రమాదమున అతని పరికరములు పెక్కు కాలిపోయెను. మిగిలినవానిని ఆ ఊరి సరస్సు ఒడ్డున అతని పేర కట్టిన మందిరమున భద్రపరచిరి.