అభ్యాసం ఇచ్చిన బిరుదు

వల్లభభాయి పటేల్‌కు ‘సర్దార్’ అనే పేరు స్థిరపడింది 1928లో, సూరత్ జిల్లా బార్డోలీ తాలూకా రైతుల పోరాటంలో. అప్పటికి ఆయన వయస్సు 52 సంవత్సరాలు. ఆ నాయకత్వం పుట్టుకతో వచ్చిన వరమని అనేకులు భావిస్తారు. ఆయన జీవితక్రమాన్ని పరిశీలించినవారికి అది సుదీర్ఘ సాధనాఫలమని బోధపడుతుంది.

1875లో నడియాద్‌లో రైతు కుటుంబంలో జన్మించిన వల్లభభాయి మెట్రిక్యులేషన్ పూర్తిచేసేనాటికి 22 ఏళ్లు నిండాయి. కళాశాల చదువుకు స్తోమత లేక, ఇతరుల న్యాయశాస్త్ర గ్రంథాలు ఎరువు తెచ్చుకొని చదివి, 1900లో జిల్లా ప్లీడరు పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. గోధ్రా, బోర్సద్‌లలో వకీలుగా సొమ్ము కూడబెట్టుకొని, 1910లో లండన్ వెళ్లారు. అక్కడ ప్రతిదినం మైళ్ల దూరం నడిచి గ్రంథాలయానికి వెళ్లి చదివారు. 36 నెలల బారిష్టరు విద్యను 30 నెలలలోనే ముగించారు.

ప్రజాసేవలోనూ ఆయన మెట్టుమెట్టుగానే ఎదిగారు. 1917లో అహమ్మదాబాదు పురపాలక సంఘంలో ప్రవేశించి నీటి సరఫరా, పారిశుద్ధ్యం వంటి సామాన్య విషయాలతో పరిపాలన నేర్చుకొన్నారు. 1918లో ఖేడా రైతుల మధ్య ఊరూరా తిరిగారు. 1923లో బోర్సద్ ప్రజలపై విధించిన దండన పన్నును రద్దు చేయించారు. 1927లో గుజరాత్‌ను వరదలు ముంచెత్తినప్పుడు సహాయక చర్యలు నడిపారు.

బార్డోలీ కూడా సిద్ధపడుతూ వచ్చింది. 1922లో అక్కడ తలపెట్టిన సత్యాగ్రహాన్ని చౌరీచౌరా ఘటన తరువాత గాంధీజీ నిలిపివేశారు. కార్యకర్తలు నిరాశతో వెనుదిరగక, ఆశ్రమాలు నెలకొల్పి, నూలు వడకడం, చదువు చెప్పడం వంటి పనులతో ఆరేళ్లు ప్రజల మధ్యనే నిలిచారు. భూమిశిస్తు దాదాపు 22 శాతం పెరిగినప్పుడు, 1928 ఫిబ్రవరి 12న రైతులు శిస్తు చెల్లించరాదని తీర్మానించారు. వల్లభభాయి తాలూకాను శిబిరాలుగా విభజించి బాధ్యులను నియమించారు. వార్తాపత్రం గ్రామగ్రామానికీ చేరేది. పశువులను, భూములను జప్తు చేసినా రైతులు చలించలేదు. ఆగస్టులో రాజీ కుదిరింది. విచారణ అనంతరం పెంపు 6.03 శాతానికి దిగింది.

అయితే చరిత్రకారుడు చెప్పక తప్పని మాట ఒకటి ఉంది. ఆ పొలాలలో శ్రమించిన దుబ్లాలు అప్పుల వల్ల తరతరాలుగా ‘హాలీ’లనే కట్టు పాలేర్లుగా ఉండేవారు. శిస్తు తగ్గినా వారి వెట్టి తొలగలేదు. ఆ పోరాటం భూమి గలవారి కష్టాన్ని ఎదుర్కోవడంలో ఆరితేరింది. భూమి లేనివాని సంకెల విప్పడం దాని కార్యక్రమంలో లేకపోయింది. మనిషి దేనిని అభ్యసిస్తాడో దానిలోనే నిపుణుడవుతాడు.

తథాగతుడు అష్టాంగమార్గంలో సమ్యక్ వ్యాయామానికి ముందు సమ్యక్ దృష్టిని నిలపడంలోని ఔచిత్యం ఇక్కడ స్పష్టమవుతుంది. మన సంఘాలలోనూ వారం వారం జరిగే సమావేశం, రాత్రిబడి, జమాఖర్చుల పుస్తకం నిరాడంబరమైన పనులే. వాటిని విడువక సాగిద్దాం. ఆ శ్రమలో అందరికంటె వెనుక కూర్చున్నవానికి చోటు ఉన్నదా అని ప్రతిదినం పరీక్షించుకొందాం.