హలమూ గంటమూ పట్టిన భాగవతోత్తముడు

ఆలయ జీర్ణోద్ధరణ పూర్తయి కుంభాభిషేకం జరుపుకొంటున్న ఈ శుభవేళ బమ్మెర పోతనామాత్యులను స్మరించుకొందాం.

నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర ఆయన స్వగ్రామంగా ప్రసిద్ధం. 15వ శతాబ్దికి చెందిన ఈ మహాకవికి కేసన, లక్కమాంబ తల్లిదండ్రులు; తిప్పన అగ్రజుడు. పొలం దున్ని ఆలుబిడ్డలను పోషించుకొన్న గృహస్థుగా తరతరాలుగా మన పెద్దలు ఆయనను చెప్పుకొంటున్నారు.

చంద్రగ్రహణ పుణ్యకాలంలో గంగాతీరాన ధ్యానమగ్నులై ఉండగా శ్రీరామచంద్రుడు సాక్షాత్కరించి భాగవతాన్ని తెనిగించమని ఆనతిచ్చినట్లు ఆయనే అవతారికలో తెలిపారు. రాజులకు అంకితమిస్తే అగ్రహారాలు, వాహనాలు, ధనరాశులు లభించే కాలమది. సంసారభారం మోస్తున్న రైతుకు అది చిన్న ఆశ కాదు. అయినా ఆయన ఆ గ్రంథాన్ని శ్రీహరికే సమర్పించారు. జీవనానికి నాగలినే నమ్ముకొన్నారని జనశ్రుతి.

కాలక్రమంలో ఆ గ్రంథంలో కొన్ని భాగాలు శిథిలమయ్యాయని ప్రతీతి. పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠ స్కంధాన్ని సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలను నారయ పూరించారు. పదిమంది పూనికతో మన ఆలయం తిరిగి నిలిచినట్లే, ఆ మహాగ్రంథమూ సమగ్రమైంది.

భక్తులారా! మీ కష్టార్జితంతో ఇల్లు నడుపుకొంటూ అందులో కొంత స్వామి కైంకర్యానికి అర్పించారు. పోతనగారు నడిచిన బాట అదే. మీ బిడ్డలకు కూడా ఆయన కథ చెప్పండి.