బొటనవేలు చెప్పిన సాక్ష్యం

పోయినేడు మా అవ్వ నడుస్తూ నడుస్తూ తూలడం మొదలుపెట్టింది. కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. రవిక హుక్కులు పెట్టుకోవడం కూడా కష్టమైంది. ఇంట్లో అందరం వయసు మీద తోసేశాం. పని తప్పించుకోడానికేనని నవ్విన వాళ్లలో నేనూ ఒకదాన్ని. చివరికి ఒక డాక్టరుగారు బండి తాళంచెవి మొనతో ఆమె అరికాలి అంచున, మడమ నుంచి వేళ్లవైపు గీశారు. బొటనవేలు కిందికి ముడుచుకోలేదు, మెల్లగా పైకి లేచింది. చేతులు కూడా మొద్దుబారాయి కాబట్టి మెడలోనే వెన్నుపాము నొక్కుకుపోతోందని అనుమానించారు. స్కానులో అదే తేలింది.

ఆ గీత వెనక ఉన్న మనిషి జోసెఫ్ బాబిన్‌స్కీ.

ఆయన 1857లో పారిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు పోలండు విడిచి వచ్చినవాళ్లు. వైద్యం చదివి సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో అనే పెద్ద డాక్టరుకు శిష్యుడయ్యారు. అది ఆడవాళ్ల ఆసుపత్రి. అక్కడ షార్కో హిస్టీరియా గురించి చెప్పే పాఠాలకు జనం విరగబడేవారు. 1887లో గీసిన ఒక ప్రసిద్ధ చిత్రంలో, సొమ్మసిల్లిన రోగిని పట్టుకుని నిలబడింది బాబిన్‌స్కీయే. 1892లో ప్రొఫెసరు పదవికి దారితీసే పరీక్ష తప్పారు. ఆ పదవి ఇక రానేలేదు. 1895 నుంచి పితియే ఆసుపత్రిలో రోగుల మధ్యే గడిపారు.

కాళ్లు పడిపోయాయని వచ్చినామెకు వచ్చింది హిస్టీరియానా, నరాల జబ్బా? ఎట్లా తేల్చాలి? 1896 ఫిబ్రవరి 22న, ముప్పై వరసలైనా లేని చిన్న వ్యాసంలో ఆయన ఒక దారి చూపించారు. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే దారి బాగుంటే అరికాలు గీసినప్పుడు బొటనవేలు కిందికి వంగుతుంది. దెబ్బతింటే పైకి లేస్తుంది. హిస్టీరియాలో అట్లా లేవదు. నడక రాని పసిబిడ్డలకు మాత్రం ఆ దారి ఇంకా ముదరదు కాబట్టి లేవడం మామూలే.

దారి చెడిందని వేలు చెబుతుంది గాని ఎక్కడ చెడిందో చెప్పదు. అందుకే ఆయన రోగిని నిదానంగా, ఎక్కువ మాట్లాడకుండా, తల నుంచి కాలిదాకా పరీక్షించేవారు. స్పర్శ ఒంట్లో ఏ ఎత్తుదాకా పోయిందో చూసి, వెన్నులో గడ్డ ఉన్న చోటు గుర్తుపట్టి తీయించారు కూడా. స్కానులు లేని రోజులవి!

ఆయన పెళ్లి చేసుకోలేదు. వంటల పుస్తకంతో పేరు తెచ్చుకున్న తన అన్నదమ్ముడు హెన్రీతోనే కలిసి బతికారు. చివరి రోజుల్లో పార్కిన్‌సన్స్ అనే నరాల జబ్బే ఆయన్నీ పట్టుకుంది. 1932లో పోయారు.

ఆపరేషన్ అయ్యాక అవ్వ గోడ పట్టుకోకుండా దేవుడి గదిదాకా నడుస్తోంది. వేళ్ల మొద్దు మాత్రం పూర్తిగా పోలేదు, మేం ఆలస్యం చేశాం కదా. ఆమె మాట మేం నమ్మడానికి ఆమె బొటనవేలు సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. అది పైకి లేవకపోయినా నమ్మాల్సిందే. మీ ఇంట్లో ఎవరైనా కాలు తేలిపోతోందంటే, నాలాగా నవ్వకండి.