ఆర్యభటుని ఆసన్నగణితము

బోధనన్నంతనే చెఱకు తోఁటలును చక్కెర కర్మాగారమును స్ఫురించుట సహజము. భీమ్‌గల్ రైతునకైనను నిజామాబాదు వర్తకునకైనను ఆ పట్టణముతోఁ బరిచయ మట్టిదే. అయితే పూర్వపు అశ్మక జనపదమునకు రాజధానియైన పౌదన్యపురము బోధనే యని పెక్కుమంది చరిత్రకారులు తలంచుచున్నారు. ఆ యశ్మకముతో ముడివడిన మహాపురుషుఁడు ఆర్యభటుఁడు. 629లో ఆర్యభటీయమునకు భాష్యము రచించిన భాస్కరుఁడు దానిని అశ్మకతంత్రమని వ్యవహరించెను. కేరళీయుఁడైన నీలకంఠ సోమయాజి ఆయన జన్మదేశము అశ్మకమని వ్రాసెను. బోధనుననే పుట్టెనని మేము చెప్పఁజాలము గాని, ఆయన చరిత్రము నెఱుఁగవలసిన బాధ్యత యీ సీమవారికి విశేషముగాఁ గలదు.

ఆర్యభటుఁడు 476లో జన్మించెను. 499 నాఁటికి తనకు 23 ఏండ్లని గ్రంథముననే తెలిపెను. 121 శ్లోకములలో గణితమును, కాలమును, గోళమును ఇమిడ్చెను. నక్షత్రములు పడమటికిఁ బోవుచున్నట్లు తోఁచుటకు భూభ్రమణమే హేతువనియు, గ్రహణములకు నీడలే కారణమనియు నిరూపించెను. 628లో బ్రహ్మగుప్తుఁ డాయనను తీవ్రముగా ఖండించెను. అయినను భూభ్రమణము సత్యమై నిలిచినది.

మాకు అంతకంటెను గౌరవము కలిగించునది వేఱొకటి గలదు. వ్యాసము 20,000 గల వృత్తమునకు పరిధి 62,832 అని చెప్పి, ఇది ఆసన్నము, అనఁగా సత్యమునకు సమీపము మాత్రమే యని ఆయన స్పష్టపఱచెను.

ఆయన జ్యాపట్టికయు నిట్టిదే. పాదవృత్తమును 24 భాగములు చేసి 225, 224, 222 ఇత్యాదిగా జ్యాభేదముల నొసఁగెను. వాని మొత్తము 3,438. అప్పటికి వచ్చిన జ్యను మొదటి జ్యయగు 225చే భాగించి, ఆ లబ్ధమును భేదమునుండి తీసివేసినచో తరువాతి భేదము వచ్చునని సూత్రమును గూడఁ జెప్పెను. మేము ప్రతి మెట్టునను లబ్ధమును పూర్ణాంకమునకు సవరించుచు గుణించి చూచితిమి. మొదటి ఆఱు భేదములు పట్టికతో సరిపోయినవి. ఏడవది 205కు మాఱుగా 204 వచ్చినది. ఆ తేడా పెరిగి పెరిగి కడపటి జ్య 3,368 అయినది, 70 తక్కువ! హారము ఇంచుమించు 233½ కావలసియుండఁగా సులువుగా దొరకు 225ను గొనుటయే దీనికి ముఖ్యకారణము. ఆర్యభటుని పట్టికలో నీ లోటు లేదు. సూత్రము సులభమని ఆయన కన్నులు మూసికొని దాని వెంటఁ బోలేదు.

నేఁటి కంప్యూటరు యుగమునకు ఈ జాగ్రత్తయే కావలెను. ఫ్లోటింగ్ పాయింటు పద్ధతిలో యంత్రము సాధారణముగా పదునాఱంకెల వఱకే యుంచుకొనును. నూఱు కోటికోట్లకు ఒకటి కలిపి, నూఱు కోటికోట్లు తీసివేసిన శూన్యము వచ్చును. ముందుగాఁ దీసివేసి పిదప ఒకటి కలిపిన ఒకటి వచ్చును. మనము వ్రాసిన ఆజ్ఞలను యంత్రభాషలోనికి మార్చు కంపైలరు, వేగము కొఱకు అనుమతించినచో, ఇట్లే కూడికల క్రమమును మార్చును. బీజగణితమున రెండును సమానమే గాని యంత్రమున ఫలము వేఱగును. తొలుత కంటి కానని యీ తేడా సుదీర్ఘమైన గణనలో పర్వతమగును.

1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రానునందు జరిగినది కంపైలరు దోషము కాకున్నను ఆ జాతిదే. సెకండులో పదియవ వంతును కత్తిరించి లెక్కించుటవలనఁ బుట్టిన తప్పు 100 గంటలలో సెకండులో మూఁడవ వంతయ్యెను. పేట్రియట్ యంత్రము శత్రుక్షిపణిని అడ్డగింపలేక 28 మంది అమెరికా సైనికులు మరణించిరి.

1975 ఏప్రిల్ 19న ఎగసిన మన తొలి యుపగ్రహమునకు ఆర్యభటుని పేరు పెట్టుకొంటిమి. భూమి విస్తీర్ణమును, చెఱకు తూకమును, అప్పుపై వడ్డీని యంత్రమే గణించుచున్న యీ దినములలో ఆయన పద్ధతిని గూడ నవలంబింపవలెను. గణన చేయించు ప్రతి కార్యాలయమును, వేగమునకు ముందు నిక్కమును గోరి, యంత్రఫలమును వేఱొక మార్గమునఁ బరీక్షించి, ఎన్ని యంకెల వఱకు నమ్మవచ్చునో ప్రజలకుఁ దెలుపవలెనని మా యభిప్రాయము.