కోడి కూయక ముందు పాఠం

జూన్ మొదటి వారంలో పరకాల బస్టాండులో కాసేపు నిలబడితే ఏటా కనిపించే దృశ్యమే కనిపిస్తుంది. ఒక ట్రంకు పెట్టె, ఒక బకెట్, బకెట్లో సబ్బులు, పచ్చడి డబ్బా. పక్కన పదేళ్ల పిల్ల. హనుమకొండలోని ఏదో హాస్టల్‌కు ప్రయాణం. బస్సు కదిలాక తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుని ఇంటికి మళ్లుతుంది. మధ్యాహ్నానికల్లా చేనులో పత్తి గింజలు పెట్టాలి కదా.

అలాంటి తల్లి ఒకరు మొన్న ఆరాధన ముగిశాక నన్ను ఆపి, పిల్ల చదువు కోసం ప్రార్థన చేయమన్నారు. తాను ఏడో తరగతితో ఆగిపోయిందట. పిల్లకు తాను నేర్పగలిగింది ఏమీ లేదని, అందుకే అప్పుచేసి పంపానని చెప్పారు. ప్రార్థన చేశాను. కానీ నేర్పగలిగింది ఏమీ లేదన్న ఆ మాట నన్ను వదలలేదు. ఇంటికొచ్చాక పండిత రమాబాయి గారి తల్లి గుర్తుకొచ్చారు.

రమాబాయి గారి పేరు మన సంఘాలకు కొత్త కాదు. ముక్తి మిషన్ గురించి, 1905లో అక్కడ రగిలిన ఉజ్జీవం గురించి ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. ఆమె బడి గుమ్మం తొక్కకుండా పెరిగారన్నది, ఏ ఇంట్లో ఎలా చదువుకున్నారన్నది మాత్రం మనం అంతగా చెప్పుకోం. ఈ వారం ఆ ఇంటి గురించి రాస్తాను.

ఆమె తండ్రి అనంత శాస్త్రి డోంగ్రే గారు మరాఠీ బ్రాహ్మణుడు, నిష్ఠాపరుడు, సంస్కృత పండితుడు. యువకుడిగా పుణేలో చదువుకునే రోజుల్లో ఆయన గురువు పీష్వా రెండవ బాజీరావు భార్యకు సంస్కృతం చెప్పేవారు. ఒక స్త్రీ నోట శ్లోకాలు వినడం ఆ కుర్రవాడికి అదే మొదటిసారి. తన భార్యకు కూడా చదువు చెప్పాలని అప్పుడే నిశ్చయించుకున్నారు. మొదటి భార్య విషయంలో ఇంటి పెద్దలు అడ్డుపడ్డారు. ఆమె చనిపోయాక, నలభై నాలుగేళ్ల వయసులో తొమ్మిదేళ్ల లక్ష్మీబాయిని పెళ్లాడారు. ఈ వయసులు చదివితే ఇవాళ మనసు చివుక్కుమంటుంది. ఆనాటి ఆచారం అది. అదే ఆచారం ఆడపిల్లకు అక్షరం రాకూడదని కూడా అన్నది. శాస్త్రి గారు మొదటిది పాటించి రెండోది కాదన్నారు.

కాదన్నందుకు మూల్యం చెల్లించాల్సి వచ్చింది. ఇంట్లో గొడవలు, ఊళ్లో నిందలు. చివరకు ఆయన బాలభార్యను వెంటబెట్టుకుని పశ్చిమ కనుమల్లో గంగామూల అనే అడవికి వెళ్లిపోయారు. తుంగ, భద్ర నదులు పుట్టే చోటు అది. మొదటి రాత్రి తలదాచుకోవడానికి గుడిసె కూడా లేదు. దగ్గర్లో పులి గాండ్రిస్తుంటే ఆ చిన్నపిల్ల దుప్పటిలో ముడుచుకుని వణికిపోయింది, ఆయన తెల్లవార్లూ కాపలా కాశారు. తర్వాత అక్కడే ఇల్లు కట్టారు, పొలం చేశారు, పశువులను పెంచారు, చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులకు ఇంట్లోనే చోటిచ్చారు. ఆడదానికి సంస్కృతం చెబుతున్నాడని ఫిర్యాదు రాగా ఉడుపిలో పండితుల ముందు నిలబడి, తాను చేసింది తప్పు కాదని శాస్త్రాలతోనే వాదించారు.

ఆ అడవి ఇంట్లో లక్ష్మీబాయి గారి దినచర్య ఊహించుకోండి. భర్త, పిల్లలు, విద్యార్థులు, వచ్చే పోయే యాత్రికులు, అందరికీ వంట ఆమెదే. పశువులు, నీళ్లు, బట్టలు. ఆ పనుల మధ్యే భర్త దగ్గర పాఠం. అలా నేర్చుకున్న ఆవిడే తర్వాత పిల్లలకు గురువయ్యారు. పుట్టిన ఆరుగురిలో ముగ్గురే బతికారు. కొడుకు శ్రీనివాస్, కూతురు కృష్ణాబాయి, అందరికన్నా చిన్నది రమ. రమ 1858 ఏప్రిల్ 23న పుట్టింది.

వచ్చినవారందరికీ అన్నం పెట్టి పెట్టి ఆ కుటుంబం అప్పులపాలైంది. పొలం అమ్ముకుని కొండ దిగారు. అప్పటికి రమకు ఆరు నెలలు. ఆ పసిదాన్ని పేము పెట్టెలో పడుకోబెట్టి కిందికి దింపారని తల్లి తర్వాత చెప్పేవారట. అప్పటినుంచి పదహారేళ్లు వారికి స్థిరమైన ఇల్లు లేదు. పుణ్యక్షేత్రం నుంచి పుణ్యక్షేత్రానికి నడక. గుడి మండపంలోనో, చెట్టు కిందో, ఏటి ఒడ్డునో కూర్చుని పురాణం పైకి చదవడమే జీవనం. విన్నవాళ్లు పువ్వులు, పండ్లు, బియ్యం, చిల్లర డబ్బులు ముందు పెట్టి వెళ్లేవారు. పూటకు సరిపోగా మిగిలింది శాస్త్రి గారు దానం చేసేసేవారు.

బల్ల లేదు, గోడ లేదు, గంట లేదు. అయినా పాఠం తప్పలేదు. రమకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి తండ్రి వయసు డెబ్బైకి దగ్గరపడింది, చూపు కూడా మందగించింది. చెప్పే భారం తల్లి మీద పడింది. పగలంతా పనే, తీరికే లేదు. అందుకని ఆమె చీకటితోనే లేచేవారు. నిద్రలో ఉన్న పిల్లను ఎత్తుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, బుజ్జగిస్తూ, ముద్దుచేస్తూ మేల్కొలిపేవారు. పక్షులు కూయడం మొదలుపెట్టక ముందే ఆ రోజు పాఠం వల్లెవేయించేవారు. తెల్లవారాక పొయ్యి దగ్గరికి వెళ్లేవారు. ఈ క్రమం ఏడేళ్లు సాగింది, పిల్లకు పదిహేనేళ్లు వచ్చేదాకా.

పన్నెండేళ్లకు రమ భాగవతంలోని పద్దెనిమిది వేల శ్లోకాలు కంఠతా చెప్పగలిగేది. అమరకోశం, వ్యాకరణం కూడా నోటికే. ఇక కన్నడం, హిందుస్తానీ దారిలో నడుస్తూ చెవులతో పట్టుకున్నవి. మన ఆదివారపు బడిలో పది కంఠత వాక్యాలకు బహుమతి పెట్టి బతిమాలుతుంటాం. పిల్లల జ్ఞాపకశక్తికి లోటేమీ లేదు. తిమోతి దగ్గర లోయి, యునీకే కూర్చున్నట్టు ఎవరు కూర్చుంటున్నారన్నదే ప్రశ్న.

ఇంటి చదువుకు ఇంకో ముఖం కూడా ఉంది. దాన్ని దాచి రాస్తే ఈ కథ అబద్ధమవుతుంది.

అక్క కృష్ణాబాయికి చిన్నతనంలోనే పెళ్లి చేశారు. అల్లుడిని కూడా చదివిద్దామని శాస్త్రి గారి ఆశ. అతనికి చదువు మీద మనసు లేదు. ఆ సంబంధం కోర్టు దాకా వెళ్లి చేదుగా ముగిసింది. ఆ దెబ్బతోనే రమకు బాల్యవివాహం చేయకూడదని తండ్రి నిర్ణయించుకున్నారు. ఒక కూతురి కన్నీళ్లు ఇంకో కూతురిని కాపాడాయి.

మరో లోటు ఇంకా లోతైనది. తల్లిదండ్రులు పిల్లలను బయటి ప్రపంచానికి దూరంగా పెంచారు. ఇంగ్లీషు వద్దు, లౌకిక విద్య వద్దు, చేతిపని అసలే వద్దు. పురాణ పఠనం తప్ప కూడు పెట్టే పని ఒక్కటీ నేర్పలేదు. మంచి రోజుల్లో ఆ లోటు కనబడలేదు. 1870లలో మద్రాసు రాజధానిలో కరవు వచ్చింది. తినడానికే లేనివారు పురాణం వినడానికి ఎలా వస్తారు? నగలు పోయాయి, మంచి బట్టలు పోయాయి, ఇత్తడి గిన్నెలు పోయాయి. కూలికి వెళ్లడం చేతకాదు, చేయి చాచడానికి మనసొప్పదు. చివరి గింజ కూడా అయిపోయాక మన తిరుపతి దగ్గరి అడవిలోకి వెళ్లి చనిపోదామనుకున్నారు. పదకొండు రోజులు నీళ్లు, ఆకులు, గుప్పెడు ఈతపళ్లతో గడిపారు.

అప్పటికి శాస్త్రి గారికి చూపు పూర్తిగా పోయింది. నీళ్లలో మునిగి ప్రాణం విడుస్తానని ఒక్కొక్కరినీ దగ్గరకు తీసుకుని వీడ్కోలు చెప్పారు. అందరికన్నా చివర చిన్న కూతురిని గుండెకు హత్తుకుని, తల నిమురుతూ, ఆమెను దేవుని చేతుల్లో పెడుతున్నానని, బతికినంతకాలం ఆయననే సేవించమని చెప్పారు. ఆయన చెప్పిన దేవుడు ఎవరో ఆయనకు పూర్తిగా తెలియదు. ఆ అప్పగింత మాత్రం వృథా కాలేదని నేను నమ్ముతాను. అప్పుడు కొడుకు ముందుకొచ్చి, పరువు సంగతి వదిలేసి ఏ కూలి పనైనా చేసి పోషిస్తానన్నాడు. చావు తలంపు మాని అడవి నుంచి బయటికి నడిచారు. కానీ ఆలస్యమైపోయింది. కొద్ది రోజులకే తండ్రి, ఆ తర్వాత కొన్నాళ్లకు తల్లి కన్నుమూశారు. తల్లి పాడె మోయడానికి ఇద్దరే మనుషులు దొరికారు. శ్మశానం దూరం. అన్న ఒక కొమ్ము పట్టాడు. పదహారేళ్ల రమ నాలుగో కొమ్ము పట్టింది. పొట్టిది కావడంతో భుజం అందక ఆ బరువు తల మీద మోసింది. చీకటిలో లేపి ఒళ్లో కూర్చోబెట్టుకుని చదువు చెప్పిన తల్లిని.

ఆ తర్వాత అక్క కూడా కలరాతో పోయింది. అన్నాచెల్లెళ్లు వేల మైళ్లు నడిచారు. ఝీలం నది ఒడ్డున చలికి తాళలేక ఇసుకలో గొయ్యి తీసి, మెడదాకా ఇసుక కప్పుకుని పడుకున్న రాత్రులు ఉన్నాయి. 1878లో కలకత్తా చేరినప్పుడు అక్కడి పండితులు ఈ ఇరవై ఏళ్ల అమ్మాయిని పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. ఎక్కడ చదివావని అడిగితే చెప్పడానికి ఆమెకు ఏ కళాశాల పేరూ లేదు.

తర్వాతి సంగతులు మీకు తెలిసినవే, త్వరగా చెబుతాను. 1880లో అన్న చనిపోయాడు. అదే ఏడు బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ మేధ్వి గారితో కులాంతర వివాహం. 1881లో మనోరమ పుట్టింది. 1882లో భర్త మరణం. ఆ ఇంట్లో ఉండగానే బెంగాలీలో ఉన్న లూకా సువార్త చేతికి దొరికింది. 1883లో ఇంగ్లండుకు వెళ్లి సెప్టెంబర్ 29న వాంటేజ్‌లో బాప్తిస్మం పొందారు. 1887లో అమెరికాలో అచ్చయిన తన ఇంగ్లీషు పుస్తకాన్ని తల్లికే అంకితమిచ్చారు. 1889లో బొంబాయిలో శారదా సదన్ తెరిచారు.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది కేడ్గావ్. 1896లో మధ్య భారతంలో కరవు వచ్చిందని వినగానే తన పదహారో ఏడు ఆమె కళ్ల ముందు నిలిచింది. స్వయంగా వెళ్లి ఆకలితో ఉన్న ఆడపిల్లలను వందలుగా తీసుకొచ్చారు. పుణే దగ్గర కేడ్గావ్‌లో వారికి ముక్తి సదనం ఏర్పడింది. గుజరాత్ కరవు తర్వాత ఆ సంఖ్య రెండు వేలకు చేరువైంది. అక్కడ ఏం నేర్పారో చూడండి. చదువు, వాక్యం సరే. వాటితోపాటు మగ్గం, గానుగ, పాడి, తోటపని, చాకలి పని, పుస్తకాల బైండింగు, అచ్చుపని. ఏ పనీ చిన్నది కాదు. అంధ బాలికలకు కూడా వేళ్లతో చదవడం నేర్పించారు, ఆ విద్య తెచ్చింది కూతురు మనోరమ. తల్లి తనకు ఇచ్చింది ఆ పిల్లలకు ఇచ్చారు. తన ఇంట్లో లేనిదేదో తెలుసు కాబట్టి అదీ ఇచ్చారు. తల్లిదండ్రులను నిందించకుండానే వారి పొరపాటును దిద్దారు. ఈ రెండూ కలిసి చేయగలిగినవారు అరుదు. మనలో చాలామందిమి పెద్దల తప్పులను మోస్తాం, లేదా పెద్దలనే వదిలేస్తాం.

ముక్తి సేవ మన వైపు కూడా వచ్చింది. ఆ రోజుల్లో పరకాలలాగే నిజాం రాజ్యంలో ఉన్న గుల్బర్గాలో తల్లీకూతుళ్లు క్రైస్తవ పాఠశాల మొదలుపెట్టారు.

చివరి ఏళ్లు రమాబాయి గారు మరాఠీ బైబిలు అనువాదానికి ఇచ్చారు. అందుకోసం పెద్ద వయసులో హెబ్రీ, గ్రీకు నేర్చుకున్నారు. తెల్లవారుజామున నోటికి పట్టించే అలవాటున్న బుర్ర, యాభై దాటాక కూడా కొత్త వ్యాకరణానికి జంకలేదు. ముక్తి ముద్రణాలయంలో అక్షరాలు కూర్చింది ఆ పిల్లలే. ఒకప్పుడు కరవులో ఎముకల గూళ్లుగా వచ్చినవారు. 1921లో మనోరమ తల్లికన్నా ముందే ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది. ఆ దుఃఖంలోనూ పని ఆగలేదు. 1922 ఏప్రిల్ 5న రమాబాయి గారు నిద్రలోనే ప్రభువును చేరుకున్నారు.

ఆ అనువాదంలో ఒక సంగతి ఉంది. పద్దెనిమిది వేల శ్లోకాలు నోటికి వచ్చిన ఆవిడ, బరువైన సంస్కృత పదాలను ఏరి ఏరి పక్కన పెట్టారు. పొలంలో పనిచేసే మనిషికీ, పొయ్యి ముందు కూర్చున్న తల్లికీ అర్థమయ్యే మరాఠీ కోసం మాట మాటకూ వెతికారు. పొయ్యి ముందు కూర్చున్న తల్లి చదవాలి, చదివి ఒళ్లో పిల్లకు చెప్పాలి.