బందరు బొమ్మల బడి నుంచి వెండితెరకు: అడివి బాపిరాజు

చిలకలపూడి అనగానే ఎవరికైనా పాండురంగస్వామి ఆలయం, రోల్డుగోల్డు నగలు గుర్తుకు వస్తాయి. నగ ఏదైనా మొదట గీతే. ఆ గీతకు తగిన అచ్చు తయారు కావాలి, ఆ అచ్చులో రేకు ఒదగాలి. కాగితం మీద ముచ్చటగా ఉన్న వంపు అచ్చులోకి రాకపోవచ్చునని ఇక్కడి పనివారికి బాగా తెలుసు. బొమ్మల సంగతీ అంతే. పుస్తకంలో బొమ్మ వేరు, తెర మీద బొమ్మ వేరు. ఈ రెండింటి మర్మం తెలిసిన మనిషి ఒకప్పుడు బందరులో ఉండేవారు. ఆయనే అడివి బాపిరాజు.

బాపిరాజు 1895 అక్టోబరు 8న భీమవరంలో జన్మించారు. రాజమండ్రిలో చదివే రోజుల్లో ఆంగ్లేయుడైన కూల్డ్రే దొర ఆయనలోని కళను గుర్తించి ప్రోత్సహించారు. చిత్రకారుడు దామెర్ల రామారావు కూడా ఆ దొర శిష్యుడే. తరువాత బాపిరాజు మద్రాసు వెళ్ళి న్యాయశాస్త్రం చదివి, భీమవరంలో ప్లీడరుగా బోర్డు కట్టారు. నాలుగు డబ్బులు వచ్చే వృత్తి అది. అయినా ఆయన మనసు కోర్టులో నిలవలేదు. సహాయ నిరాకరణోద్యమంలో చేరి జైలుకు కూడా వెళ్ళారు.

ఆ తరువాత ఆయనను బందరు పిలిచింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతుల పూనికతో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల అది. పరాయి ప్రభుత్వం చెప్పుచేతల్లో లేని చదువు, చదువుతోపాటు చేతిపని దాని ఆశయాలు. బెంగాలు నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ ఛటర్జీ అక్కడ చిత్రలేఖనం నేర్పేవారు. బాపిరాజు ఆయన వద్ద శిష్యరికం చేశారు. 1934 నుంచి 1939 వరకు అదే కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. కుంచె పట్టుకున్నవాడికి కూడు దొరకదని పెద్దలు భయపడే కాలంలో ఆయన ఎంచుకున్న దారి ఇది.

గురువు వద్ద నేర్చినది బెంగాలు పద్ధతి. నీటిరంగులు పలచగా పరుచుకుంటాయి. గీత అజంతా గోడబొమ్మల్లోలాగా తీగసాగుతుంది. ఎక్కడా మూల కనిపించదు. మన తోలుబొమ్మ ఇందుకు భిన్నం. ముక్కు కోసుగా, కన్ను పెద్దదిగా, భుజం, మోచేయి అతుకుల దగ్గర తిరిగేటట్లుగా కోస్తారు. దీపం వెలుగులో దూరాన కూర్చున్నవారికి కూడా హనుమంతుడెవరో, రావణుడెవరో తెలియాలి గదా! కదలవలసిన బొమ్మకు సన్నని సొగసు కంటే స్పష్టమైన ఆకారం ముఖ్యం.

సినిమాలకు కళాదర్శకత్వం వహించినప్పుడు బాపిరాజు ఎదుర్కొన్న పరీక్ష కూడా ఇటువంటిదే. అనసూయ, ధ్రువవిజయం 1936లోను, మీరాబాయి 1940లోను వచ్చాయి. అప్పటి తెర నలుపు తెలుపు. చిత్రకారుడు ఎన్ని రంగులు కలిపినా కెమెరాకు చీకటి, వెలుగులే మిగులుతాయి. కాగితం మీది మండపాన్ని వడ్రంగి చెక్కతో నిలబెట్టాలి. కిరీటం పెట్టుకున్న నటుడు తల తిప్పగలగాలి. బొమ్మలో ఒక్క క్షణమే ఉంటుంది. తెర మీద ఆ క్షణానికి ముందూ వెనుకా కూడా చూపాలి.

అదే కాలంలో అమెరికాలో గీసిన బొమ్మలే నడిచి మాట్లాడసాగాయి. డిస్నీ 1937లో తీసిన స్నోవైట్ బొమ్మలు గుండ్రని వంపులతో ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేములు కావాలి గనుక ప్రతి గీతనూ వేల సార్లు మళ్ళీ గీయాలి. అందుకు ఎందరో పనివారు కావాలి. 1950లో యూపీఏ సంస్థ తీసిన జెరాల్డ్ మెక్‌బోయింగ్‌బోయింగ్ మరో దారి చూపింది. గీతలు తగ్గించి, ఆకారాలను చదునుగా, కోణాలుగా గీసి, పత్రికలోని కార్టూను బొమ్మను తెరకు ఎక్కించింది. మన దేశంలో ఫిలిమ్స్ డివిజన్ కార్టూను విభాగం జాతక కథ ఆధారంగా బనియన్ డీర్ అనే చిత్రాన్ని 1957లో తీసింది. అజంతా గీతను ప్రాణంగా చూసుకున్న బాపిరాజు అది చూడటానికి బతికి లేరు.

ఆయన చేతిలో కుంచెతోపాటు కలమూ ఉండేది. నారాయణరావు నవలకు విశ్వనాథవారి వేయిపడగలతోపాటు 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి లభించింది. హిమబిందు, గోన గన్నారెడ్డి ఆయన నవలలే. 1944లో హైదరాబాదు వెళ్ళి మీజాన్ దినపత్రికకు సంపాదకులయ్యారు. 1951లో మద్రాసు ప్రభుత్వం కోరగా సింహళం వెళ్ళి సిగిరియా కొండ మీది చిత్రాలకు ప్రతికృతులు వేశారు. ఆ మరుసటి ఏడు, 1952 సెప్టెంబరు 22న కన్నుమూశారు.

ఈనాడు పల్లెల్లో పిల్లలు టీవీలో, ఫోనులో కార్టూను బొమ్మలు చూస్తూ అన్నం తింటున్నారు. ఆ బొమ్మ వెనుక కూడా ఎవరో ఒకరు ముందుగా కాగితం మీద గీసిన గీత ఉంటుంది. నోటుపుస్తకం అట్ట మీద బొమ్మలు గీస్తున్న పిల్లవాడిని కసిరే ముందు, బోర్డు తిప్పేసి బందరు బొమ్మల బడిలో చేరిన ఆ ప్లీడరును ఒక్కసారి తలచుకుంటే మేలు.